భద్రకాళి చెరువు కట్ట: ఎప్పుడు వెళ్లాలి, ఏం చూడాలి

వరంగల్ భద్రకాళి బండ్‌కు పొద్దున ఆరింటికి వెళ్తే నిండు మార్కులు వేయొచ్చు. ఎండాకాలం పదకొండింటికి వెళ్తే సగం కూడా పడవు. నడకదారి కిలోమీటరు పైచిలుకు ఉంటుంది. ఆగకుండా పోయి రావడానికి అరగంట, కూర్చుంటూ చూస్తూ నడిస్తే గంట పడుతుంది. పరిచిన రాయి ఎండకు సెగలు కక్కుతుంది, పైన నీడ తక్కువ. పక్కనే ఉన్న భద్రకాళి గుడి దగ్గర చెప్పులు విడిచి అట్లాగే కట్ట మీదికి వస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి.

పెద్ద చెట్లు ఎందుకు పెట్టలేదని చాలామంది అడుగుతారు. ఇది మట్టికట్ట. మర్రి, రావి వంటివి పెరిగితే వేళ్లు కట్ట లోపలికి పోతాయి. చెట్టు చచ్చి వేరు కుళ్లితే ఆ జాగాలో బొరియ మిగులుతుంది. నీళ్లు అందులోంచి ఊటగా మొదలై, లోపలి మట్టిని కొద్దికొద్దిగా కోసుకుంటూ పోతాయి. కాబట్టి నీడకు పందిళ్లే సరైన దారి. అవి ఇంకా కావాలి, ముఖ్యంగా ముసలివాళ్ల కోసం.

కాకతీయ గణపతిదేవుడి కాలంలో తవ్వించిన చెరువిది. ఒక చెరువు మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కిందిదానిలోకి పోయే గొలుసుకట్టు పద్ధతికి కాకతీయులు పేరుపొందారు. వారసత్వ నగరాల అభివృద్ధికి 2015లో కేంద్రం మొదలుపెట్టిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. కట్ట ఈ రూపానికి వచ్చింది ఆ నిధులతోనే. పచ్చిక, బెంచీలు, రాత్రి దీపాలు అన్నీ బాగున్నాయి. అయినా వాటికంటే నీళ్లవైపు రాతి పేర్పు, తూము, మత్తడి చూడండి. పిల్లలకు చూపించాల్సిన చదువు అక్కడుంది. 2023 జూలై చివరి వానలకు పోతననగర్ వైపు కట్ట తెగి, కింది కాలనీల వాళ్లు ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. ఏడు వందల ఏండ్లు దాటిన కట్టకైనా కాపలా తప్పదు.

ఈ చెరువుకు పెద్ద జబ్బు గుర్రపుడెక్క అనే నీటి మొక్క. కాలనీల మురుగునీటిలోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. వేడి, ఎరువు రెండూ దొరికితే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. నీటిని కప్పేసి వెలుతురు అడ్డుకుంటుంది, ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి, దోమలు పెరుగుతాయి. పైపైన పీకితే లాభం లేదు, తెగిన ముక్క నుంచి మళ్లీ మొలుస్తుంది. పూడిక తీయడానికి 2024 నవంబరులో చెరువునే ఖాళీ చేశారు. మంచి పనే. కాకపోతే మురుగు కాలువలు మళ్లించకుండా ఎంత పూడిక తీసినా డెక్క మళ్లీ వస్తుంది. నీటిమట్టం కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి పాత ఫొటోలు నమ్ముకుని బయల్దేరకండి. నిండు చెరువు కావాలంటే వానాకాలం ముగిసే రోజులు మంచివి.

వరంగల్ స్టేషన్ నుంచి సుమారు 5 కిలోమీటర్లు. కాజీపేటలో దిగితే దూరం ఎక్కువ, ముందు హన్మకొండ చేరి అక్కడ ఆటో మాట్లాడుకోండి. ఒక్క పూటే ఉంటే ముందు కట్ట, ఎండ ముదరకముందే అమ్మవారి దర్శనం, తర్వాత వేయిస్తంభాల గుడి. ఈ వరుస తిరగేస్తే మధ్యాహ్నం మూసిన గుడి తలుపుల ముందు నిలబడాల్సి వస్తుంది. మంచినీళ్లు వెంట ఉంచుకోండి. పిల్లలను రాతి పేర్పు మీదికి దిగనివ్వకండి, నాచు పట్టిన రాయి పెద్దవాళ్ల కాలునూ జారుస్తుంది.

దసరా నవరాత్రుల్లో, ఆషాఢం శాకంబరీ ఉత్సవాల్లో గుడి చుట్టూ జనం కిక్కిరిసి ఉంటారు. సొంత బండైతే దూరంగానే ఆపి నడవండి. సద్దుల బతుకమ్మనాడు మాత్రం సాయంత్రం నడక మాట మరిచిపోయి, ఆడేవాళ్లకు దారి వదలండి.