టైమింగ్ లైట్: ఏళ్ల తరబడి వాడాక

నా పాత కారులో ఫ్యాక్టరీ నాటి అమరిక పెద్దగా మిగల్లేదు. రెండు కార్బ్యురేటర్లు, దూకుడైన క్యామ్‌షాఫ్ట్, డిస్ట్రిబ్యూటర్‌లో (స్పార్క్‌ను సిలిండర్లకు పంచే భాగం) పాయింట్ల (కరెంటును తెంపి స్పార్క్ పుట్టించే పాతకాలపు స్విచ్) స్థానంలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్. ఇలాంటి బండికి మాన్యువల్‌లోని అంకెలు సగమే పనికొస్తాయి. అందుకే డయల్ ఉన్న టైమింగ్ లైట్ కొన్నాను. ప్లగ్ వైరులో స్పార్క్ కరెంటు పారినప్పుడల్లా మెరిసి, తిరిగే పుల్లీ మీది గుర్తును నిలిచినట్టు చూపే దీపమిది. టైమింగ్ చూడటం సరే, స్పార్క్ ఎక్కడ తప్పిపోతోందో పట్టించడంలోనే దానికి పెట్టిన డబ్బు గిట్టుబాటయింది.

వేడెక్కాక మిస్సింగ్ మొదలైతే అందరి చెయ్యీ ముందు కార్బ్యురేటర్ మీదికే పోతుంది. నేను మాత్రం లైటు క్లాంపును ఒక్కో ప్లగ్ వైరుకు తగిలిస్తాను. ఒక్క వైరు మీదే వెలుగు తడబడితే ఆ వైరునో, డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో అది దిగే చోటునో అనుమానించాలి. అన్నింటి మీదా తడబడితే, స్పార్క్‌కు కావలసిన హై వోల్టేజి ఇచ్చే కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే మధ్య వైరు చూడాలి. అక్కడ నిలకడగా ఉంటే క్యాప్ లోపల తిరిగే రోటర్‌నూ క్యాప్‌నూ విప్పాలి. అక్కడా తప్పుతుంటే లోపం వెనకాల ఉన్నట్టే: కాయిల్, మాడ్యూల్, లేదా వాటికి అందే కరెంటు.

నా బండిలో మధ్య వైరు మీదే తప్పింది. మాడ్యూల్ పోయిందని చూసినవాళ్లంతా తేల్చేశారు. ఇంజన్ నడుస్తుండగా మాడ్యూల్ ఎర్ర వైరు దగ్గర మీటర్ పెడితే, 12 వోల్టులకు తగ్గకూడని చోట 8 చిల్లర! పాయింట్ల కాలం నాటి బల్లాస్ట్ రెసిస్టెన్స్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించేది) వైరు కట్టలోనే ఉండిపోయింది. మాడ్యూల్‌కు కూడా దాని గుండానే కరెంటు వస్తోంది. బ్యాటరీ నుంచి తాత్కాలికంగా నేరు వైరు లాగగానే వెలుగు కుదురుకుంది. తర్వాత ఇగ్నిషన్ స్విచ్‌తో పనిచేసే రిలే బిగించాను. అదే మాడ్యూల్ ఇప్పటికీ నడుస్తోంది. మీ కాయిల్ 1.5 ఓమ్‌లదైతే రెసిస్టెన్స్‌ను కాయిల్ దారిలో ఉంచండి, మాడ్యూల్‌కే నేరుగా ఇవ్వండి.

డయల్ కూడా బాగా పనికొచ్చింది. డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ గొట్టం తీసి మూసి, ఇంజన్‌ను 3000 ఆర్‌పీఎం దగ్గర నిలిపి, గుర్తు సున్నాకు వచ్చేదాకా డయల్ తిప్పితే అడ్వాన్స్ ఎంతో, అంటే పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతోందో తెలుస్తుంది. వేగం తగ్గించాక గుర్తు వెనక్కి రానని మొరాయిస్తే డిస్ట్రిబ్యూటర్‌లోని బరువులు, స్ప్రింగులు చూడండి. అటూ ఇటూ ఊగుతుంటే షాఫ్ట్ బుష్ అరిగి ఉండవచ్చు, టైమింగ్ చైన్ వదులైనా కావచ్చు. ఒక్క జాగ్రత్త: రబ్బరు పొర ఉన్న పుల్లీలో బయటి చక్రం జారితే గుర్తే అబద్ధమాడుతుంది. ఒకటో సిలిండర్ పిస్టన్ పైకి వచ్చే స్థానాన్ని విడిగా సరిచూడనిదే ఏ అంకెనూ నమ్మను.

లోపాలు లేకపోలేదు. క్లాంపులోని ఫెర్రైట్ ముక్క కిందపడి బీటలు వారింది. అప్పటి నుంచి వైరు మీద కాస్త సర్ది పెట్టాలి. వైర్లు పొట్టివి, ఫ్యాన్‌కూ ఎగ్జాస్ట్‌కూ మరీ దగ్గరగా వేలాడతాయి. ఎండలో గుర్తు కనబడదు, తెల్ల రంగు పూయాల్సిందే. ప్లగ్ మసిబారి స్పార్క్ పక్కదారి పట్టినా కరెంటు పారుతూనే ఉంటుంది కాబట్టి లైటు హాయిగా వెలుగుతుంది. ప్లగ్ విప్పి చూసే పని తప్పదు. ఇక ఒక్కో ప్లగ్ మీదే కాయిల్ కూర్చునే కొత్త ఇంజన్లున్నవారు దీన్ని కొనకండి, క్లాంపు తగిలించడానికి అక్కడ వైరే ఉండదు.