నాన్నగారికి ఇంటి దగ్గరే వైద్యం: ఏడాది పైగా వాడాక మా అనుభవం

మాది కోనసీమలో గోదావరి పాయల మధ్యనున్న లంక ఊరు. ఎనభై దాటిన నాన్నగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఇక కీమో వద్దని రాజమండ్రిలో డాక్టర్లు చెప్పాక, జబ్బు నయం చేయడానికి కాకుండా నొప్పీ బాధా తగ్గించడానికి ఇంటికొచ్చి చూసే సేవలో (పాలియేటివ్ కేర్) చేరాం. ఏడాది పైనే వాడాం. తీసుకోవచ్చా అని ఎవరడిగినా తీసుకోమనే చెబుతున్నాను.

అన్నిటికంటే పనికొచ్చింది అందరికీ ఒకే ఫైలు ఉండటం. అంతకుముందు ఒక డాక్టరు రాసిన మాత్ర సంగతి ఇంకో డాక్టరుకి తెలిసేది కాదు. చీటీలన్నీ సంచిలో వేసుకుని మేమే అప్పజెప్పేవాళ్లం. ఇక్కడ నర్సమ్మ పొద్దున చూసింది సాయంత్రానికి డాక్టరుకి తెలిసేది. ఫిజియోథెరపీకి ముందు నొప్పి మాత్ర ఎప్పుడు వేయాలో కూడా అందులోనే రాసి ఉండేది.

నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందని అడిగితే నాన్నగారు ఏమీ చెప్పలేకపోయారు. నర్సమ్మ కాసేపు ఆగి, "తాతగారూ, రూపాయిలో ఎన్నణాల నొప్పండీ?" అంది. "పన్నెండణాలుందమ్మా" అన్నారు వెంటనే. ఆ రోజు నుంచి ఫైల్లో కూడా అణాలే రాసింది. గట్టి నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టిన వారంలోపే అది నాలుగణాలకు దిగింది. మంచం మీద కూర్చుని పేపరు చదివారు.

మార్ఫిన్ అనగానే చివరి మందేమోనని మా మేనత్త ఏడ్చేసింది. డాక్టరుగారు ఆవిణ్ణి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. నొప్పికి తగ్గ మోతాదులో వేస్తే ప్రాణానికేం కాదని, నొప్పి వచ్చేదాకా ఆగకుండా నాలుగు గంటలకోసారి గడియారం చూసి వేయాలని. మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికి సిరప్ మొదటిరోజు నుంచే ఇచ్చారు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలు ఈ మందు ఇవ్వడం సులువైంది గానీ, మామూలు మందుల షాపుల్లో దొరకదు. అమలాపురమంతా తిరిగి చూశాం.

మంచం పుళ్లు రాకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం అమ్మకూ నాకూ చూపించి, మా చేత చేయించి గానీ నర్సమ్మ కదల్లేదు. గాలి పరుపు అద్దెకిచ్చారు. కరెంటు పోతే అది దిగిపోయేది, కాబట్టి ఇన్వర్టర్ ఉండాల్సిందే.

వరదలప్పుడు ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వీళ్లు అందాకా ఆగలేదు. భద్రాచలంలో గోదావరి పెరుగుతోందని వినగానే రెండు వారాల మందులు, యూరిన్ బ్యాగులు, డ్రెస్సింగ్ సామాను తెచ్చి ఇచ్చేశారు. నీళ్లున్నన్నాళ్లూ నర్సమ్మ వీడియో కాల్‌లో చూసి చెప్పేది. ఒకసారి పడవెక్కి వచ్చింది కూడా.

నాన్నగారు ఇంట్లోనే, మా అందరి మధ్యే పోయారు. మిగిలిన మార్ఫిన్ మాత్రలు లెక్కపెట్టి, సంతకం తీసుకుని వాళ్లే పట్టుకెళ్లారు. పెద్దకర్మ అయ్యాక కౌన్సెలర్ అమ్మ కోసం మళ్లీ వచ్చింది.

నాకు కోపమున్నది రాత్రి ఫోను మీద. పది దాటితే అది ఎక్కడో కాల్‌సెంటర్‌కి పోతుంది, వాళ్ల దగ్గర ఫైలుండదు. ఆయాసంతో మనిషి అల్లాడుతుంటే పేరు, వయసు, జబ్బు మొదట్నుంచి చెప్పించుకుని, 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లమన్నారు. ఆస్పత్రికి వెళ్లొద్దనే కదా వీళ్ల దగ్గర చేరాం! ఆ టెన్షన్ చూడలేక నర్సమ్మ తన సొంత నంబరిచ్చింది. ఆరోగ్యశ్రీ మాకు చెల్లలేదు. నెల ఫీజు, పరుపు, ఆక్సిజన్ మెషీన్ అద్దె అన్నీ చేతి డబ్బే. చేరేముందు మార్ఫిన్ ఇచ్చే గుర్తింపు ఉందో లేదో, రాత్రి ఫోనెత్తేవాళ్లకు ఫైలు కనిపిస్తుందో లేదో అడిగి కాగితం మీద రాయించుకోండి.