టోబా సరస్సా, బాటూర్ కొండా?

ఇండోనేషియాలో అగ్నిపర్వతాల నడుమ సెలవులు గడపదలచినవారికి బాలిలోని బాటూర్, సుమత్రాలోని టోబా రెండూ తగినవే. 1,717 మీటర్ల బాటూర్‌ను చీకటి ఉండగానే టార్చిలైటు వెలుగులో, కాలికింద జారే నల్లని లావా రాళ్ల మీదుగా సుమారు రెండు గంటల్లో ఎక్కి, సూర్యోదయం చూసి, దిగివచ్చాక కొండ కిందనున్న సరస్సు ఒడ్డున వేడినీటి బుగ్గల్లో అలసట తీర్చుకోవచ్చు. కాకపోతే శిఖరం మీద తిరునాళ్లను తలపించే రద్దీ ఉంటుంది.

టోబాకు తొందర పనికిరాదు, అందుకే నా మొగ్గు అటువైపు. సుమారు 74,000 ఏళ్ల నాటి మహా విస్ఫోటనంతో ఏర్పడిన, దాదాపు 100 కిలోమీటర్ల పొడవైన ఈ సరస్సులో పడవెక్కి సమోసిర్ దీవి చేరి, ఈత కొడుతూ, స్థానిక బటాక్ తెగవారి పల్లెలు చూస్తూ కనీసం మూడు రోజులుండాలి. నాటి బూడిద పొరలు మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలోనూ బయటపడ్డాయి.