పదమూడేళ్లు నిండితే పెద్దవాడేనట: ఓడ ఎక్కే ముందు రెండు రోజుల సింగపూర్

మావాడికి పదమూడేళ్లు నిండి అప్పటికి సరిగ్గా ఐదు వారాలు. ఆ ఐదు వారాలకు సింగపూర్‌లో నేను కట్టిన మూల్యం 155 డాలర్ల 87 సెంట్లు. మాకు సింగపూర్ డాలరు 66 రూపాయలకు పడింది కాబట్టి పది వేల పైమాటే. ఈ మంటతోనే రాస్తున్నాను, ముందే చెప్తున్నా.

సింగపూర్ నుంచి మా విహార ఓడ (క్రూజ్) ఆదివారం మధ్యాహ్నం. శుక్రవారం పొద్దున్నే దిగేలా టికెట్లు తీసుకున్నాం. "రెండు రోజులు ముందెందుకండీ, డబ్బు దండగ" అని మా ఆవిడ గొణిగింది గానీ, విమానం లేటైతే ఓడ మన కోసం ఆగదు. ఆ నిర్ణయం మీద నాకిప్పటికీ పశ్చాత్తాపం లేదు. వీసా సంగతి మాత్రం గట్టిగా చూసుకోండి. ఓడ ఎక్కితే దేశం దాటినట్టే, తిరిగొస్తే మళ్లీ ప్రవేశమే. వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో చూసుకున్నాకే మిగతా బుకింగులు. అరైవల్ కార్డు, అంటే దేశంలోకి వచ్చేవాళ్లు ఇచ్చే వివరాల ఫారం, దిగడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి.

ఉదయం ఆరున్నరకి బయటపడి, ఛాంగీ ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న జ్యువెల్ అనే మాల్‌లో 40 మీటర్ల జలపాతం చూపిస్తానని మావాణ్ని ఊరించి తీసుకెళ్లాను. నీళ్లు లేవు. అది పది, పదకొండు గంటలకు గానీ మొదలవదు. "నాన్నా, పెద్ద ఫన్నెల్ చూపించడానికి తెచ్చావా?" అన్నాడు. తెల్లవారుజామున దిగేవాళ్లు దాన్ని తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి.

ఇక హోటల్. లిటిల్ ఇండియాలో ఒక సందులో. పేరు రాయను. బుకింగ్‌లో ఇద్దరు పెద్దలు, ఒక పిల్లవాడు, వయసు 13 అని నేనే స్వయంగా కొట్టాను. సైటు కిమ్మనకుండా డబ్బు తీసుకుంది. మూడింటికి గది ఇస్తామన్నారు, సరే, అది అక్కడి రివాజు. మూడింటికి వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి మావాడి పాస్‌పోర్టు తిప్పి, పుట్టిన తేదీ దగ్గర వేలు పెట్టి, లామినేట్ చేసిన కార్డొకటి నా ముందుకు జరిపింది. 12 ఏళ్ల వరకే పిల్లలు. ఆపైన పెద్దలు. పెద్దలు ముగ్గురైతే అదనపు మంచం తప్పనిసరి, రాత్రికి 65 డాలర్లు ప్లస్ ప్లస్.

ఈ 'ప్లస్ ప్లస్' అన్న మాట దగ్గర జాగ్రత్త. మొదటి ప్లస్ పది శాతం సర్వీస్ చార్జి, రెండోది దాని మీద 9 శాతం జీఎస్టీ. రెండు రాత్రులకు 130 కాస్తా 155.87 అయింది. నా ప్రింటవుట్ చూపిస్తే "అది సైటు మాట, ఇది మా రూలు" అంది, నవ్వుతూనే. ఆ నవ్వు ఇంకా ఎక్కువ మండించింది.

పోనీ మంచమైనా ఇచ్చారా? మూడుసార్లు ఫోన్ చేస్తే రాత్రి పదిన్నరకి వచ్చింది. మడత మంచం, ఒక చక్రం తిరగదు. తెరిస్తే బాత్‌రూమ్ తలుపు సగమే తెరుచుకుంటుంది. మావాడు నా భుజం దాటాడు, పాదాలు రెండూ మంచం బయటే. రాత్రి నేను లేచినప్పుడల్లా ఆ పాదాలకు తగిలి, వాడొక తిట్టు, నేనొక తిట్టు. పన్నెండు దాటిన పిల్లలున్నవాళ్లు సైటుని నమ్మకుండా హోటల్‌కే మెయిల్ పెట్టి, వయసుతో సహా రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. గార్డెన్స్ బై ద బే అనే పెద్ద పార్కులో మొక్కలుండే అద్దాల మందిరాలకీ, జూకీ కూడా పిల్లల టికెట్టు 12 ఏళ్ల వరకే. మేం ఆ రెండూ మానేశాం. గార్డెన్స్‌లో సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాలు) కింద వెల్లకిలా పడుకుని రాత్రి 7:45 లైట్ల షో చూశాం, పైసా ఖర్చు లేదు. 8:45కి ఇంకోటి ఉంటుంది.

మావాడి మూడ్ మార్చింది మాత్రం మెట్రో. అక్కడ ఒకే బ్యాంకు కార్డు మీద ఇద్దరు ఎక్కడం కుదరదు, మనిషికో కార్డు ఉండాలి. విదేశీ కార్డు వాడితే రోజుకి 60 సెంట్లు అదనం. అందుకని వాడికి ఈజీ-లింక్ కార్డు కొన్నాను. పది డాలర్లలో ఐదు కార్డు ధర, ఐదు బ్యాలెన్స్. తన పేర ఒక కార్డు, తనే గేటుకి ట్యాప్ చేయడం, గేటు దగ్గర ఎంత తెగిందో చదవడం... అప్పటిదాకా ఫోన్‌లోంచి తల ఎత్తనివాడు మమ్మల్నే నడిపించడం మొదలుపెట్టాడు. నార్త్ ఈస్ట్ లైన్‌లో రైలుకి డ్రైవర్ ఉండడు, 2003 నుంచీ అంతే. ముందు అద్దానికి ముక్కు ఆనించి సొరంగం మీదికి దూసుకురావడం చూస్తూ, దిగాల్సిన స్టేషన్‌లో దిగలేదు. మమ్మల్నీ దిగనివ్వలేదు.

శనివారం మాక్స్‌వెల్ రోడ్డులో సింగపూర్ సిటీ గ్యాలరీకి వెళ్లాం. ప్రవేశం ఉచితం, ఆదివారం సెలవు. నగరం నడిబొడ్డునంతా 1:400 కొలతలో బొమ్మలా చేసి పెట్టారు. మెర్లయన్ (సింహం తల, చేప ఒళ్లు ఉన్న విగ్రహం) దగ్గర రెండు నిమిషాలు నిలబడనివాడు ఇక్కడ గంటన్నర ఉన్నాడు. మేం నడిచిన రోడ్లు వేలితో గీసుకుంటూ, "అమ్మా, నిన్న నీ చెప్పు తెగింది ఇదిగో ఇక్కడ" అని చూపించాడు. ఈ ఈడు పిల్లలున్నవాళ్లకి నా మొదటి సలహా ఇదే.

దగ్గర్లోనే మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్. ఖాళీ టేబుల్ దొరికిందని కూలబడ్డాం. దాని మీద చిన్న టిష్యూ ప్యాకెట్ ఉంది. అంటే ఎవరో సీటు ఆపుకున్నారన్నమాట, మన బస్సులో తువ్వాలు వేసినట్టు. ఒక పెద్దాయన ట్రేతో వచ్చి మా నెత్తిన నిలబడేదాకా తెలియలేదు. లేచి వేరేచోట కూర్చున్నాం. చికెన్ రైస్ ప్లేటు ఆరు డాలర్లు. పాలిపోయినట్టున్న ముక్కలు చూసి వీడేం తింటాడులే అనుకున్నాను. అల్లం ముద్ద, ఎర్ర చిల్లీ సాస్ కలిపి ప్లేటు ఊడ్చేసి ఇంకోటి అడిగాడు. "నేను చేస్తే ముక్క ఏరి పక్కన పెడతాడు" అని మా ఆవిడ ముఖం ముడుచుకుంది. సాయంత్రం లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో దోసె తిన్నాకే ఆ ముడత విప్పింది. తిన్నాక ట్రే మనమే తీసి పెట్టాలి, చట్టం.

ఆదివారం ట్యాక్సీలో మెరీనా బే క్రూజ్ సెంటర్‌కి 15 డాలర్ల 40 సెంట్లు. మెరీనా సౌత్ పియర్ దాకా మెట్రో ఉంది గానీ, స్టేషన్ నుంచి పెట్టెలు ఈడ్చుకుంటూ ఆ ఎండలో నడవద్దు. లగేజీ ట్యాగులు ఇంట్లోనే ప్రింట్ తీసి ఉంచుకుంటే అక్కడ పెట్టెలు ఇచ్చేసి చేతులూపుకుంటూ లోపలికి వెళ్లొచ్చు.

చెక్-ఇన్ కౌంటర్‌లో కుర్రాడు మావాడి పాస్‌పోర్టు తిప్పి, పుట్టిన తేదీ దగ్గర ఆగాడు. నా గుండె జారింది. "మైనర్ కదా సార్, మీరు సంతకం పెట్టాలి" అంటూ ఒక ఫారం ఇచ్చాడు. మావాడు అది నా చేతిలోంచి లాక్కుని, పైనుంచి కిందిదాకా చదివి, ఫోన్ తీశాడు.

"నాన్నా, ఒక్క నిమిషం. ఫోటో తీస్తా. ఆ హోటల్ వాళ్లకి పంపుదాం."