గుల్‌మార్గ్‌లో 52,800 రూపాయల గది, టంగ్‌మార్గ్‌లో కాంగ్రీ వెచ్చదనం

ముందే చెప్పేస్తున్నాను, కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. తప్పకుండా వెళ్లండి. కానీ అక్కడ గది బుక్ చేసే ముందు ఇది ఒక్కసారి చదవండి. మేం ఒక్క రాత్రికి అక్షరాలా 37,200 రూపాయలు వదిలించుకున్నాం. అంత పోసి కూడా ఆ రాత్రి మా అత్తయ్యగారు నిద్రపోలేదు. దుప్పట్లన్నీ చుట్టుకుని మంచం మీద కూర్చునే తెల్లవార్చారు.

వెళ్లింది నలుగురం. నేను, మావారు, ఎనిమిదో తరగతి చదివే మావాడు, అరవై ఆరేళ్ల అత్తయ్యగారు. పెద్దావిడని అంత చలిలోకి ఎందుకమ్మా అని తెనాలిలో అడగనివాళ్లు లేరు. రమ్మని మేం బలవంతపెట్టలేదు. జీవితంలో ఒక్కసారైనా మంచు చేత్తో పట్టుకోవాలని ఆవిడకే ఉంది. మావాడికి స్కీయింగ్ పిచ్చి. మావారికి తిండి. నాకు ఈ ముగ్గురినీ ఒకచోట సంతోషంగా చూడటం.

మొదట సంక్రాంతి సెలవులకే టికెట్లు తీశాం. మనవాళ్లందరికీ అప్పుడే కుదురుతుంది కదా. అది 2024 జనవరి. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి నలభై రోజులు 'చిల్లై కలాన్' అంటారు, ఏడాదిలో గట్టి చలి అప్పుడే. ఆ నలభై రోజుల్లో మంచు బాగా పడుతుందని ధీమాగా ఉన్నాం. తీరా ఆ జనవరిలో గుల్‌మార్గ్ మైదానమంతా ఎండిపోయిన గడ్డితో గోధుమరంగులో ఉన్న ఫొటోలు టీవీలో వచ్చాయి. ఇంట్లో ఒకటే టెన్షన్. చివరికి ఫిబ్రవరి రెండో వారానికి మార్చుకున్నాం. నలుగురికీ కలిపి టికెట్ల మార్పుకే 11,200 అయింది. జనవరి చివర్లో గానీ మంచు సరిగ్గా పడలేదు, కాబట్టి ఆ డబ్బు దండగ అనుకోను. స్కీయింగ్ కోసమే వెళ్లేవాళ్లు సంక్రాంతిని నమ్ముకోకండి. పిల్లలకి స్కూలు నాలుగు రోజులు పోయినా సరే, ఫిబ్రవరి పెట్టుకోండి.

ఇంకోమాట, జమ్మూ కశ్మీర్‌లో మన ప్రీపెయిడ్ సిమ్ పనిచెయ్యదు. పోస్ట్‌పెయిడ్ ఉండాల్సిందే. మా నలుగురిలో మావారి ఫోన్ ఒక్కటే పనిచేసింది.

శ్రీనగర్‌లో మొదటి రోజు హాయిగా గడిచింది. మర్నాడు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న గుల్‌మార్గ్‌కి బయల్దేరాం. దారిలో టంగ్‌మార్గ్ వస్తుంది. అక్కడి నుంచి పైకి 13 కిలోమీటర్లు ఘాట్. మంచు ఉన్నప్పుడు చక్రాలకి గొలుసులు కట్టిన బండి కావాలి, అందుకని కింది నుంచి వచ్చిన కారు వదిలేసి అక్కడి బండి ఎక్కాలి. మా డ్రైవరు అడక్కుండానే కోట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే దుకాణం ముందు ఆపాడు. మనిషికి 600 అన్నారు, 350కి దిగారు. బూట్లు తీసుకోండి, కోట్లు మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి. నాకిచ్చిన కోటు లోపలివైపు తడిగా ఉంది.

ఇక హోటల్ సంగతి. పేరు రాయను. రెండు గదులు, గదికి రాత్రికి 8,800, మూడు రాత్రులకి 52,800 ముందే కట్టేశాం. అంత పెట్టడానికి కారణం ఒక్కటే, వాళ్ల పేజీలో 'సెంట్రల్ హీటింగ్' అని ఉంది. అత్తయ్యగారి కోసమే అది చూసి తీసుకున్నాం. సాయంత్రం చేరేసరికి గది వెచ్చగానే ఉంది. కిటికీలోంచి మంచు కప్పిన దేవదారు చెట్లు కనపడుతుంటే అత్తయ్యగారు అక్కడి నుంచి కదల్లేదు. రాత్రి పది దాటాక గోడవారగా ఉన్న గొట్టం మీద చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగిలింది. కిందికి దిగి అడిగితే, హీటింగ్ ఏడు నుంచి పది వరకేనని చెప్పారు. రాత్రంతా కావాలంటే కరెంటు హీటరు ఇస్తారట, గదికి 1,000. మారుమాట్లాడకుండా 2,000 ఇచ్చాం. పన్నెండున్నరకి కరెంటు పోయింది. జనరేటరు రాత్రిపూట వెయ్యరట.

ఫోన్‌లో బయట మైనస్ 9 చూపిస్తోంది. బాత్రూములో కుళాయి తిప్పితే చుక్క రాలేదు. అత్తయ్యగారి పళ్లు టకటకమని కొట్టుకోవడం పక్క మంచం మీదున్న నాకు వినపడుతోంది. మా సాక్సులు కూడా తీసి ఆవిడకే తొడిగాను. వేళ్లు పట్టుకుంటే కట్టెల్లా ఉన్నాయి. "నాకేం కాలేదు అమ్మాయ్, నువ్వు పడుకో" అంటూనే ఉన్నారు పాపం. ఆ మాట విన్న కొద్దీ నాకు ఏడుపొచ్చింది. మావారు మూడుసార్లు కిందికి వెళ్లొచ్చారు. రిసెప్షన్‌లో మనిషి లేడు.

తెల్లారి మేనేజరు చెప్పిన సమాధానం, "కొండ మీదకి వస్తే చలి ఉంటుంది కదా మేడమ్" అని. చలి ఉంటుందని తెలిసే కదా హీటింగ్ ఉన్న గదికి అంత డబ్బు కట్టింది! మిగతా రెండు రాత్రుల డబ్బు ఇమ్మంటే బుకింగ్ సైట్‌ని అడగమన్నాడు. సైట్‌వాళ్లు హోటల్‌ని అడగమన్నారు. చల్లటి గొట్టం, రాని కుళాయి వీడియో తీసి పెట్టుకున్నాను కాబట్టి, 23 రోజుల తర్వాత ఒక రాత్రి డబ్బు 17,600 వెనక్కొచ్చింది. ఇంకో 17,600 పోయినట్టే. మీరు బుక్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. హీటింగ్ ఏ టైమ్ నుంచి ఏ టైమ్ వరకు? కరెంటు పోతే రాత్రంతా జనరేటరు ఉంటుందా? వేడినీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయి? ఫోన్‌లో చెప్పే మాటకి విలువ లేదు.

ఆ ఉదయమే సామాను సర్దేసి టంగ్‌మార్గ్‌కి దిగిపోయాం. మమ్మల్ని దింపిన బండి డ్రైవరు తన ఎరికలో ఒక ఇల్లు ఉందని తీసుకెళ్లాడు. ఇంటివాళ్లు మేడ మీద రెండు గదులు అద్దెకిస్తారు. గదికి 3,500, అందులోనే పొద్దున టిఫిను, రాత్రి భోజనం. గుమ్మంలో అత్తయ్యగారిని చూడగానే ఆ ఇంటావిడ ఏమీ అడగలేదు. లోపలికెళ్లి కాంగ్రీ తెచ్చింది. సన్నటి పుల్లలతో అల్లిన బుట్టలో ఇమిడిన చిన్న మట్టికుండ, అందులో నివురుగప్పిన నిప్పులు. అత్తయ్యగారి శాలువా ఎత్తి, ఒళ్లో పెట్టి, రెండు చేతులూ దాని మీద ఆనించి, మళ్లీ శాలువా కప్పింది. ఆవిడకి తెలుగు రాదు, అత్తయ్యగారికి హిందీ కూడా రాదు. కాసేపటికి అత్తయ్యగారి మొహంలోకి రంగు వచ్చింది. అప్పుడు గానీ నా గుండె కుదుటపడలేదు.

ఆ ఇంట్లో హమామ్ ఉంది. రాతిపలకల నేల, దాని కింద కట్టెల మంట. పలక గోరువెచ్చగా ఉంటుంది, మీద జంపకానా పరుచుకుని పడుకోవచ్చు. అదే మంట మీద రాగి తొట్టిలో నీళ్లు కాగుతుంటాయి. రెండు రాత్రులూ నలుగురం అక్కడే పడుకున్నాం. మేడ మీద గదులు సామానుకే పనికొచ్చాయి.

ఇక్కడ ఉండటంలో ఇబ్బంది కూడా చెప్పాలి. రోజూ పైకి వెళ్లిరావడానికి బండికి 2,500 అయ్యేది. పొద్దున ఎనిమిదిన్నరకి బయల్దేరితే తప్ప మంచి టైమ్ దొరకదు. అయినా లెక్క వేస్తే మాకిదే చవక.

స్కీయింగ్‌కి మావాడితో పాటు నేను కూడా దిగాను. సామాను అద్దె మనిషికి రోజుకి 1,000, నేర్పే అతనికి ఇద్దరికీ కలిపి రోజుకి 2,500. అందులో బేరం ఆడకండి. బూట్లు సరిగ్గా పట్టేదాకా ఆయన మా చేత మూడు జతలు మార్పించాడు. సాక్సు ఒక్క జతే ఉండాలన్నాడు. చలని నేను రెండు జతలు తొడుక్కెళ్తే ఒకటి విప్పించాడు. బూటు అడుగున అంటుకున్న మంచుని కర్రతో గీకి తీసేస్తేనే స్కీలో 'టక్' మని పడుతుంది. గీకకపోతే పట్టినట్టే ఉండి మొదటి మలుపులో ఊడిపోతుంది. మొదటిరోజంతా నేర్చుకుంది ఆగడమే. రెండు స్కీల ముందు కొసలు దగ్గరికి, మడమలు దూరంగా తోసి, పిక్క ముందు ఎముకని బూటు నాలుకకి నొక్కి నిలబడాలి. భయమేసి వెనక్కి వాలితే ఇంకా జోరుగా జారతాం.

నేను కాళ్లనే చూస్తూ పడుతున్నాను. మైదానం మధ్యలో గుట్ట మీద ఎర్రకప్పు శివాలయం ఉండేది, రాణీ మందిర్ అంటారు. నేర్పే అతను కర్రతో దాన్ని చూపించి, "కాళ్లు చూడొద్దు, ఆ గుడిని చూస్తూ రండి" అన్నాడు. ఆ తర్వాత ఏడెనిమిది సార్లు పడకుండా కిందిదాకా వచ్చాను. అదే ఏడాది జూన్‌లో ఆ గుడి మంటల్లో కాలిపోయిందని వార్త చూసి ఆ రోజంతా మనసు మనసులో లేదు.

గొండోలాకి, అంటే కొండ మీదికి తీసుకెళ్లే రోప్‌వేకి, టికెట్లు ఆన్‌లైన్‌లోనే, రోజులు ముందుగా తీసుకోవాలి. మావారు వారం ముందే తీసేశారు. అయినా స్టాండు నుంచి స్టేషన్ దాకా ఒకతను వెంటపడి, గైడు లేకపోతే లోపలికి పంపరని, మనిషికి 2,500 ఇస్తే లైను లేకుండా ఎక్కిస్తానని భయపెట్టాడు. గైడు అక్కర్లేదు, చేతిలో టికెట్టు, గుర్తింపు కార్డు ఉంటే చాలు. మేం మొదటి మజిలీ కొంగ్‌డూరి దాకే వెళ్లాం. అత్తయ్యగారు మంచు గుప్పిట్లోకి తీసుకుని, కరిగిపోయేదాకా చూస్తూ నిలబడ్డారు. రెండో మజిలీ అఫర్వాట్ దగ్గర దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తు, అక్కడి వాలు ఆరితేరినవాళ్లకి. మంచుచరియలు విరిగిపడే చోటు అది. నా లాంటి రెండ్రోజుల స్కీయింగ్‌తో దాని జోలికి వెళ్లొద్దు.

తిండి దగ్గర మావారికి పండగే. వెనక్కి శ్రీనగర్ వచ్చాక, పొద్దున ఆరున్నరకే లేపి పాతబస్తీలో ఆలీకదల్ వైపు తీసుకెళ్లారు, హరిస్సా కోసం. చలికాలంలోనే, పొద్దుటిపూటే దొరుకుతుంది. ఆలస్యమైతే గిన్నె ఖాళీ. పొయ్యిలో పాతిన పెద్ద పాత్రలో రాత్రంతా మాంసం, బియ్యం, సోంపు, దాల్చినచెక్క ఉడికించి, ఎముకలు తీసి, ఒకటైపోయేదాకా కర్రతో కలుపుతారు. పైన మసిలే నూనె పోస్తే చర్రుమంటుంది. పక్కన వేడి గిర్దా రొట్టె. మా హలీం గోధుమలతో బరువుగా, మసాలాగా ఉంటుంది. ఇది మెత్తగా, సోంపు వాసనతో, మాంసమే ముందు తెలుస్తుంది. అరకిలో 650 రూపాయలు, మావాడూ ఆయనా కలిసి తుడిచేశారు. మావారు అయితే హలీం కంటే ఇదే గొప్పదన్నారు. నేను ఒప్పుకోను, కానీ మళ్లీ పెడితే కాదనను. సాయంత్రం తిన్న వాజ్వాన్ (కశ్మీరీ విందు భోజనం) పళ్లెం, నలుగురు తినేది, 3,200. గుష్తాబా, అంటే పెరుగు పులుసులో మాంసం ఉండలు, బాగుంది, మిగతావన్నీ చల్లారిపోయి వచ్చాయి. అది పెళ్లిలో వంటవాళ్లు వేడివేడిగా వడ్డిస్తే తినాల్సిన భోజనం.

అత్తయ్యగారు నీచు ముట్టరు. ఆవిడ ఎలా తింటారోనని కంది పొడి, చింతకాయ పచ్చడి మోసుకెళ్లాను. టంగ్‌మార్గ్ ఇంటావిడ వేరే గిన్నె పెట్టి హాక్ ఆకుకూర వండింది, తామర తూళ్లు పెరుగులో ఉడికించి పెట్టింది. దాన్ని అత్తయ్యగారు "మజ్జిగపులుసే కదే ఇది" అంటూ రెండోసారి వడ్డించుకున్నారు. ఉప్పు వేసిన గులాబీరంగు టీ మాత్రం ఆవిడకి నచ్చలేదు.

రెండో రాత్రి వంటింట్లో గోడకి వేలాడుతున్న దండలు చూసి అత్తయ్యగారు ఆగిపోయారు. ఎండబెట్టిన వంకాయ ముక్కలు, సొరకాయ చుట్టలు. "అమ్మాయ్, వరుగులే!" అన్నారు గట్టిగా. అవును, వరుగులే. మంచుకి దారులు మూసుకుపోయి కూరగాయలు రాని రోజుల కోసం వేసవిలోనే ఎండబెట్టి దాచుకుంటారట. మా అత్తగారింట్లో మేడ మీద చాపలేసి వంకాయ వరుగులు, కాకరకాయ వరుగులు ఎండబెట్టేది కూడా వేసవిలోనే. ఇద్దరూ పొయ్యి పక్కన కూర్చుని, ముక్క ఎంత మందం కొయ్యాలో వేళ్లతో చూపించుకుంటూ అరగంట మాట్లాడుకున్నారు. ఎవరి భాష వాళ్లదే. మధ్యలో నేను హిందీలో అందుకోబోతే అత్తయ్యగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

వచ్చేటప్పుడు ఆవిడ సొరకాయ వరుగుల దండ ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బిస్తే తీసుకోలేదు. శ్రీనగర్ విమానాశ్రయంలో భవనానికి ముందే ఒకసారి, లోపల మళ్లీ సామాను తనిఖీ చేస్తారు, మూడు గంటల ముందే వెళ్లండి. రెండుచోట్లా ఆ పొట్లం విప్పించి చూశారు. తెనాలి వచ్చిన వారానికి అత్తయ్యగారు వాటిని వేడినీళ్లలో నానబెట్టి, చింతపండు, బెల్లం వేసి పులుసు పెట్టారు. ముక్క గట్టిగా, కొద్దిగా పొగవాసనతో ఉంది. మావాడు అన్నంలో మూడుసార్లు వేయించుకున్నాడు. ఈ వేసవిలో మేడ మీద కాకరకాయ వరుగులు రెండు చేటలు ఎక్కువే ఎండాయి. ఒక చేట వాళ్లకి పార్సిల్ కట్టించాం.