బట్టీ పట్టిన జవాబా, వచ్చిన ఇంగ్లీషా: కాలేజీ ఇంటర్వ్యూకు ఏది మేలు?

నవంబరు చివర్లో ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి, ఫలితాలు చూసుకుని, ఫిబ్రవరి నుంచి మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలైన ఐఐఎంల ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యే విద్యార్థులు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. ఇంగ్లీషు ధారాళంగా రానివారు జవాబులు ముందే రాసుకుని బట్టీ పట్టడం మేలా, లేక అక్కడికక్కడ వచ్చినంతలో మాట్లాడడం మేలా? అడిగేవారిలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఆపైన బీటెక్ పూర్తి చేసి, పుస్తకం చదివి అర్థం చేసుకోవడంలో ఎవరికీ తీసిపోకపోయినా, నలుగురి ఎదుట నోరు విప్పాలంటే గొంతు తడారిపోయేవారే. నిజానికి వారి ముందున్నవి రెండు దారులు కావు, మూడు. తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చి చెప్పడం అనే మూడో దారిని ఎవరూ ఎంచుకోరు గాని, ఎక్కువమంది నడిచేది దానిలోనే.

బట్టీకి ఉన్న మేలును నేను కాదనను. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అన్న ప్రశ్న దాదాపు అందరికీ ఎదురవుతుంది కనుక దాని తొలి రెండు వాక్యాలు నోటికి వచ్చి ఉంటే గొంతు కుదురుకుంటుంది. అయితే రెండు మూడు నిమిషాల జవాబును ఆసాంతం కంఠస్థం చేసినవారి సంగతి వేరు. పౌరాణిక నాటకంలో పద్యం మధ్య మాట మరిచిన నటుడికి తెర వెనుక నుంచి అందించే మనిషి ఉంటాడు. ఇంటర్వ్యూ గదిలో ఆ మనిషి ఉండడు. కంఠస్థం చేసిన జవాబులో ప్రతి మాటా దాని ముందు మాటను ఆనుకుని ఉంటుంది కాబట్టి ఒక్కటి జారితే వెనుకవన్నీ జారిపోతాయి. భయపడినప్పుడు మాట వేగం పెరగడం సహజం, అప్పజెప్పే జవాబులో ఆ వేగాన్ని ఆపేది ఏదీ ఉండదు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు రెండో ప్రశ్న దగ్గర వస్తుంది. నా దృష్టిలో ఏ పద్ధతి మేలో తేల్చేది అదొక్కటే. ప్యానెల్‌లో కూర్చున్న అధ్యాపకులు మొదటి జవాబుతో తృప్తి పడరు; అందులోని ఒక మాటను పట్టుకుని ఎందుకు, ఎంత, నీకెలా తెలుసు అని లాగుతారు. ఇంటర్వ్యూ సాగే 15, 20 నిమిషాలలో ఎక్కువ భాగం ఈ లాగుడుకే పోతుంది. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థి మా దగ్గర సాధన కోసం జరిగిన మాక్ ఇంటర్వ్యూలో తన ఊరి రైస్ మిల్లుల గురించి చక్కటి ఇంగ్లీషులో నిమిషంన్నర మాట్లాడాడు. అది వినగానే నేను, క్వింటాలు వడ్లు మర ఆడిస్తే బియ్యం ఎన్ని వస్తాయని అడిగాను. తండ్రి మిల్లులో గుమాస్తా కనుక అతనికి ఆ లెక్క తెలుసు: ప్రభుత్వం మర ఆడించడానికి ఇచ్చిన క్వింటాలు వడ్లకు మిల్లు తిరిగి ఇవ్వవలసింది పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. తెలిసి కూడా, అంతకుముందు పలికిన వాక్యాల స్థాయికి తగిన వాక్యం కట్టబోయి, కట్టలేక, తల దించుకున్నాడు. ఇంతటి ఇంగ్లీషు మాట్లాడినవాడు ఇంత చిన్న ప్రశ్నకు ఆగిపోయాడేమిటని వినేవారికి అనుమానం కలిగేది అక్కడే. వారం తరువాత అదే ప్రశ్నకు అతడు ‘సిక్స్‌టీ సెవెన్ కేజీస్, సర్. ఫర్ బాయిల్డ్ రైస్, సిక్స్‌టీ ఎయిట్’ అని ఊరుకున్నాడు. అందులో క్రియాపదమే లేకపోయినా, ఆ పూట నేను విన్న జవాబులలో అదే మంచిది.

ఇక తెలుగులో అనుకుని మార్చడం. ఇందులో నిజాయితీ ఉంది, విషయం సొంతమై ఉంటుంది. అడ్డు వచ్చేది మన వాక్యం తీరు. ‘మా నాన్న ముప్పై ఏళ్లుగా రైస్ మిల్లులో గుమాస్తాగా పని చేస్తున్నారు’ అన్న వాక్యంలో క్రియ చిట్టచివర వస్తుంది, ఇంగ్లీషులోనేమో ‘మై ఫాదర్’ అన్న వెంటనే అది కావాలి. అందువల్ల మార్చి చెప్పేవారు వాక్యమంతా మనసులో మోస్తూ, దాని చివరను ముందుకు లాక్కోవలసి వస్తుంది. మన పిల్లలు ‘మై ఫాదర్...’ అని ఆగి పైకప్పు వైపు చూడడానికి కారణం ఇదే గాని, మాటలు తెలియక కాదు. వాక్యం ఎంత పొడవైతే మోత అంత బరువు కనుక, ఈ దారిన వెళ్లేవారు వాక్యాలను తెలుగులోనే ముక్కలు చేసుకుంటే సగం ఇబ్బంది తీరుతుంది.

నేను మొగ్గు చూపేది మిగిలిన దారికి: జవాబు రాసుకోకుండా, అందులో చెప్పవలసిన విషయాలను మాత్రమే రాసుకోవడం. ఊరు, డిగ్రీలో నచ్చిన సబ్జెక్టు, ప్రాజెక్టు, ఉద్యోగం, చదువులో వచ్చిన విరామం, ఇలా పదింటిని ఎంచుకుని ఒక్కొక్కదానికి ఒక కార్డు మీద నాలుగు మాటలు, ఒక అంకె రాసుకోవాలి. దాన్ని చూస్తూ పైకి చెప్పాలి. మరునాడు అదే కార్డును వేరే వాక్యాలలో చెప్పాలి. వాక్యం రోజూ మారడం వల్ల నోరు విషయానికి అలవాటు పడుతుంది, వరసకు కాదు. తరువాత ఇంట్లో అక్కనో తమ్ముడినో కూర్చోబెట్టి, కార్డు మీది ప్రతి మాటకూ ‘ఎందుకు?’ ‘ఎంత?’ అని తెలుగులోనే అడగమనాలి, మీరు ఇంగ్లీషులో చెప్పాలి. అడిగేవారికి ఇంగ్లీషు రాకపోయినా పరవాలేదు, నిజానికి వారి ప్రశ్నలే పదునుగా ఉంటాయి. ఈ దారిలో వ్యాకరణ దోషాలు దొర్లుతాయని ఒప్పుకోవాలి. బట్టీ పట్టిన మొదటి జవాబు కంటే ఇందులోని మొదటి జవాబు పేలవంగానే ఉంటుంది, రెండోది మాత్రం నిలబడుతుంది. పరిచయపు తొలి రెండు వాక్యాలు కాక బట్టీ పట్టవలసినవి ఏమైనా ఉంటే అవి ప్రశ్న మళ్లీ అడగమనడానికి, కాసేపు ఆలోచించుకోవడానికి, తెలియదని చెప్పడానికి పనికివచ్చే మూడు చిన్న వాక్యాలే.

మొబైల్ యాప్‌లతో సాధన చేయడం ఒంటరితనంలో ఉపయోగమే, అంతకుమించి ఆశించవద్దు. యాస మార్చే కోర్సులకు డబ్బు దండగ. ‘జీరో’లో జకారం మనదిగా వినిపించినంత మాత్రాన ఎవరికీ అర్థం పోదు. తెలుగులో మాట్లాడతామని అడగవచ్చా అనేవారికి, 275 మార్కుల యూపీఎస్సీ సివిల్స్ ఇంటర్వ్యూలో ఆ వీలుంది గాని, ఇంగ్లీషులోనే పాఠాలు వినవలసిన ఎంబీఏ ప్రవేశాలలో దాన్ని నమ్ముకోలేము.

పీహెచ్‌డీ ప్రవేశాలకు వెళ్లేవారికి లెక్క కొంచెం మారుతుంది. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2022 నిబంధనలలో ప్రవేశ పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంది కనుక తమ పరిశోధనాంశాన్ని తూచి, ఒక్క వాక్యంగా రాసుకుని నోటికి తెచ్చుకోవడం అవసరం. పారిభాషిక పదాలు అక్కడ తడబడకూడదు. ఆ వాక్యం ముగిశాక ఈ అంశమే ఎందుకని అడుగుతారు, దానికి మళ్లీ కార్డే.