షంట్ రెగ్యులేటర్ కిట్: సర్క్యూట్ బాగుంది, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలి

విడిభాగాలుగా వచ్చే ఈ 12 వోల్టుల షంట్ రెగ్యులేటర్ (మిగులు కరెంటును గ్రౌండుకి వదిలేసి వోల్టేజిని నిలకడగా ఉంచేది) కిట్టును కడపలో ప్రీఆంప్‌కి (పవర్ ఆంప్ కంటే ముందు చిన్న సిగ్నల్‌ని పెంచేది) వాడొచ్చా అంటే, వాడొచ్చు. దాంతో ఇచ్చిన కాగితాన్ని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకండి.

సర్క్యూట్ అందరికీ తెలిసిందే. ఎల్ఎం317 అనే రెగ్యులేటర్ ఐసీకి 10 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఎప్పుడూ 125 మిల్లీఆంపియర్లే వదులుతుంది. ప్రీఆంప్ వాడుకోగా మిగిలింది బీడీ140 ట్రాన్సిస్టర్ గుండా గ్రౌండుకి పోతుంది, ట్యాంకు నిండాక నీళ్లు పొర్లినట్టు. ఎంత పొర్లాలో వోల్టేజిని కనిపెట్టే టీఎల్431 ఐసీ చూసుకుంటుంది; 3.9కే, 1కే (కిలో ఓమ్‌ల) రెసిస్టర్లతో 12.2 వోల్టులు నిలబెడుతుంది. పాటలో డప్పు దెబ్బ పడి ప్రీఆంప్ కరెంటు ఎగిరినా ఆ కుదుపు ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోదు. మామూలు 12 వోల్టుల రెగ్యులేటర్ ఐసీ 7812 లో ఈ సుఖం లేదు.

కాగితంలో 15 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ చాలని రాశారు. మెయిన్స్ 230 వోల్టులు ఉన్నచోట చాలుతుంది. బోరు మోటార్లు ఆడే వేళ మెయిన్స్ 180 కి పడిందనుకోండి, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు) దాటాక 15 వోల్టులే మిగులుతాయి. అందులో అవుట్‌పుట్ 12.2 పోను, రిపిల్ (డీసీలో మిగిలే ఎగుడుదిగుడు) పోను, రెసిస్టర్ మీద 1.25 పోను, 317 కి దక్కేది 1 వోల్టు చిల్లర. దానికి కనీసం 2 కావాలి. అంతే, స్పీకర్లో హమ్ మొదలు. 18 వోల్టులది వేయండి. వేస్తే ఇంకో తిరకాసు: మెయిన్స్ 250 కి ఎగిరినప్పుడు ఫిల్టర్ కెపాసిటర్ మీద 26 దాటుతుంది, కిట్టులో ఇచ్చింది 25 వోల్టులది. 2200 మైక్రోఫారడ్, 35 వోల్టులది విడిగా కొనుక్కోవాలి.

హీట్‌సింక్ ఒక్కటే ఇచ్చారు, మైకా వాషర్ (కరెంటు పారకుండా అడ్డుపడే పల్చటి బిళ్ల) లేదు. పెద్ద తప్పు ఇదే. 317 వీపు రేకు దాని అవుట్‌పుట్, బీడీ140 వీపు కలెక్టర్, అంటే ఇక్కడ గ్రౌండు. రెండింటినీ ఒకే అల్యూమినియం ముక్కకి బిగిస్తే 317 నేరుగా షార్ట్. రెండింటికీ మైకా వేసి, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ పెట్టి, పవర్ ఇచ్చే ముందు మల్టీమీటర్ బజర్‌తో చూసుకోండి. లోడ్ లేనప్పుడు బీడీ140 ఒక్కటే ఒకటిన్నర వాట్లు మింగుతుంది. మన మే నెల ఎండకి, మూసిన డబ్బాలో హీట్‌సింక్ లేకుండా అది బతకదు.

అవుట్‌పుట్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ కోసం బోర్డులో చోటు ఉంది. ఖాళీగా వదిలేయండి. ఆ విలువకి టీఎల్431 ఆసిలేట్ అయ్యే (తనంతట తానే ఊగిసలాడే) అవకాశం ఎక్కువ. మామూలు 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ చాలు. ఆసిలేషన్ మామూలు మల్టీమీటర్‌కి దొరకదు. పాత మీడియం వేవ్ రేడియోని కడప స్టేషన్‌కి కాస్త పక్కన ట్యూన్ చేసి బోర్డు దగ్గర పెట్టండి. కిట్టు ఆన్ చేయగానే ఈల గానీ బుసగానీ లేస్తే అనుమానించాల్సిందే.

ప్రీఆంప్ తగిలించే ముందు 220 ఓమ్‌లు, 2 వాట్ల రెసిస్టర్ పెట్టి చూడండి. 55 మిల్లీఆంపియర్లు లాగుతుంది, వోల్టేజి 10 మిల్లీవోల్టులకి మించి కదలకూడదు. కొలిచేది బోర్డు టెర్మినల్ మీదే, వైరు చివర కాదు. తర్వాత అదే వాటేజిలో 82 ఓమ్‌లది పెట్టండి. ఇప్పుడు వోల్టేజి 10.2 కి పడాలి. పడితే కంగారొద్దు, కరెంటు 125 దగ్గర ఆగిందని అర్థం. పడకుండా 12 దగ్గరే నిలిస్తే 10 ఓమ్‌ల రెసిస్టర్ విలువ తప్పు, లేదా వైరు 317 అడ్జస్ట్ కాలి నుంచి కాకుండా అవుట్ కాలి నుంచి తీశారు.

బోర్డు మీద రాగి గీతలు పల్చన, ఒక కాలిని రెండుసార్లు పీకితే లేచొస్తాయి. సోల్డరింగ్‌కి 25 వాట్ల ఐరన్ మించొద్దు.

60 మిల్లీఆంపియర్ల లోపు తీసుకునే ప్రీఆంప్‌కో, ఫోనో స్టేజికో (రికార్డు ప్లేయర్ సిగ్నల్‌ని పెంచేది) అయితే కొనండి. పవర్ ఆంప్‌కి వద్దు. బ్యాటరీ మీద నడిపేవాటికి అసలే వద్దు, పాట ఆగినా 125 మిల్లీఆంపియర్లు తాగుతూనే ఉంటుంది.